నెత్తళ్ళ పులుసుతో ముగిసిన నవల

ఆ రోజుల్లో మా ఊళ్ళో ఒక కుర్రాడు పుస్తకం పట్టుకుని కనబడితే పెద్దవాళ్ళు రెండే అనుకునేవారు: పరీక్షలు దగ్గరపడ్డాయని, లేదా వీడికి ఇంట్లో ఎవరూ పని చెప్పడం లేదని. పాఠం కాని పుస్తకాన్ని, ఎవరూ చదవమనని పుస్తకాన్ని, తనంతట తాను ఏరుకుని చదివే అలవాటొకటి లోకంలో ఉందని తొమ్మిదో తరగతి దాకా మాకు తెలియదు. తెలిశాక నేను చేసిన పనిని మొన్న మొన్నటి దాకా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నాకు యాభై దాటాయి. ఒక పెద్దమనిషి జ్ఞాపకశక్తి మీద నా వల్ల పడ్డ మచ్చ ఒకటి తుడవాల్సి ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

మాది కళింగపట్నం పక్కన సముద్రం ఒడ్డు ఊరు. మా తెలుగు మాస్టారికి మేం పెట్టుకున్న పేరు కంఠస్థం మాస్టారు. ఆయన పాఠం చెప్పడానికి పుస్తకం తెరవగా ఎవరూ చూడలేదు. పద్యాలూ, వాటి తాత్పర్యాలూ, పాత నవలల్లో పేజీలకు పేజీలూ కళ్ళు మూసుకుని చెప్పేవారు. మధ్యలో ఎవరైనా దగ్గితే, దగ్గు అయ్యాక సరిగ్గా ఆగిన మాట దగ్గరే ఎత్తుకునేవారు. ఆయన ఆ వేసవి సెలవులకు ముందు ఒక హుకుం జారీ చేశారు. ప్రతి ఒక్కడూ లైబ్రరీలో సభ్యుడవ్వాలి, పాత గొప్ప పుస్తకం ఒకటి తీసుకుని చదవాలి, జూన్‌లో బడి తెరిచాక క్లాసులో నిలబడి ఆ కథ చెప్పాలి. ఏది చదవాలో చెప్పమని అడిగితే, "అది నేను సెప్పను. కూర మీ అమ్మ ఒండుతాది, ముద్ద మటుకు నువ్వే నమలాల గదరా," అన్నారు. సభ్యత్వానికి ఎవరైనా పెద్దవాళ్ళు హామీ సంతకం పెట్టాలి. మా అందరికీ ఆయనే పెట్టారు. పుస్తకానికి ఏమైనా అయితే జవాబు చెప్పాల్సింది తనేనని, తన పరువు మా చేతుల్లో ఉందని కూడా చెప్పారు.

లైబ్రరీ అంటే ఒక గది, రెండు ఇనప బీరువాలు, ఒక బల్ల, లైబ్రరీ బాబు. గొప్ప పుస్తకాలన్నీ బీరువా పై అరలో ఉండేవి (గౌరవం వల్ల కాదు, ఎవరూ అడగరు కాబట్టి). నా తోటివాళ్ళంతా సన్నటి పుస్తకాల కోసం కొట్టుకుంటున్నారు. నాకెందుకో ఆ పూట పౌరుషం వచ్చింది. అందరికంటే లావు పుస్తకం కావాలన్నాను. అది చదవాలని కాదు. అట్ట కనబడేలా చంకలో పెట్టుకుని వీధి మొదటి నుంచి చివరి దాకా నడిస్తే ఎలా ఉంటుందో అప్పటికే ఊహించేసుకున్నాను. లైబ్రరీ బాబు స్టూలెక్కి, దుమ్ము దులిపి, దాన్ని రెండు చేతులతో దించి, "ఏటిరా, సదువుతావా, తలకింద ఎట్టుకుంటావా?" అని అడిగారు. తలకింద ఆలోచన నాకూ ఉందని ఆయనకెలా తెలిసిందో మరి.

విచిత్రమేమిటంటే నేను దాన్ని నిజంగానే చదివాను. ఆ వేసవిలో మా మామ్మ నాకు కాకుల్ని తోలే పని అప్పజెప్పింది. ఒడ్డున వలల మీద నెత్తళ్ళ చేపలు ఎండుతుంటే, ఒడ్డుకు లాగిన పడవ నీడలో కూర్చుని కాకుల్ని అదిలించాలి. కాకికీ కాకికీ మధ్య బోలెడంత ఖాళీ. మొదటి నలభై పేజీలు నామాలు పెట్టుకునే ఒక జమీందారీ ఇంటి వంశవృక్షం. అందులో నేను రెండుసార్లు నిద్రపోయాను, మామ్మ రెండుసార్లూ లేపింది. ఆ తర్వాత ఆ ఇంట్లో అన్నదమ్ములిద్దరికీ మాటా మాటా పెరిగి తమ్ముడు ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. అక్కణ్ణుంచి నేను కాకుల్ని మర్చిపోయాను. ఇరవై ఏళ్ళ తర్వాత తమ్ముడు ఎడ్లబండి కట్టుకుని ఇంటికి బయల్దేరాడు. సాయంత్రం వేళ ఏటి గట్టున బండి ఆగింది. అవతలి గట్టున గొడుగు పట్టుకుని ఎవరో నిలబడి ఉన్నారు. ఆ రోజుకి అక్కడ ఆపాను.

చివరి అధ్యాయం ఎనిమిది కాగితాలూ కుట్టు ఊడి విడిగా వచ్చేశాయి. గాలికి ఎగిరిపోతాయని వాటిని మడిచి మామ్మ తట్ట కింద పెట్టాను. మర్నాడు సంత. మామ్మకి చదువు రాదు. పాత కాగితాల్లో కట్టి నెత్తళ్ళు అమ్ముతుంది. సాయంత్రం ఆమె ఖాళీ తట్టతో తిరిగొచ్చేసరికి ఆ చివరి అధ్యాయం ఎనిమిది పొట్లాలుగా ఎనిమిది ఊళ్ళకు వెళ్ళిపోయింది. నేను ఏడుపు మొహం పెట్టుకుని నిలబడితే మామ్మ నింపాదిగా, "సదివీసిన కాయితాలనుకున్నాన్రా," అంది.

"చదవలేదు మామ్మా."

"అయితే బేగి సదవాల. నెల్లాళ్ళు ఎట్టుకుంటావేటి?"

నాకు ముందు గుర్తొచ్చింది మాస్టారి హామీ సంతకం. పుస్తకం అలాగే తిరిగిస్తే ఆయన తలవంచుకోవాలి, ఆయన నా వీపు వంచుతారు. రెండు రోజులు ఆలోచించి, మిగిలిన ఒకే దారి పట్టాను. రూళ్ళ నోటుబుక్కు చింపి, నా గుండ్రటి రాతను పక్కకి వాల్చి, చివరి అధ్యాయం నేనే రాశాను. పైన, "శిథిలమైన పుటలకు బదులు మూలప్రతి చూచి వ్రాయబడినది" అని పెట్టాను (చూచి, వ్రాయబడినది అంటే ఎవరైనా నమ్ముతారని నా నమ్మకం). అన్నం మెతుకులతో అంటించాను.

ఇంతకీ ఏం రాశానంటే, అవతలి గట్టున గొడుగు పట్టుకున్నది అన్నయ్యే. మా ఇంట్లో నాన్నా చిన్నాన్నా వల వాటాల మీద కొట్టుకున్నప్పుడల్లా మామ్మ ఏమీ మాట్లాడకుండా ఇద్దరికీ కంచాలు పెట్టేసేది. తగువులు తీరే పద్ధతి లోకమంతా అదే అనుకున్నాను. కాబట్టి అన్నయ్య తమ్ముణ్ణి ఇంటికి తీసుకెళ్ళాడు, వదిన కళ్ళొత్తుకుంటూ నెత్తళ్ళ పులుసు వడ్డించింది. పదకొండు పేజీల్లో మూడు పేజీలు పులుసే. మొదటి నలభై పేజీల్లో ఆ ఇంటివాళ్ళు ఉల్లిపాయ కూడా గడప దాటనిచ్చేవారు కాదన్న సంగతి నాకు గుర్తులేదు. నేను నిద్రపోయింది సరిగ్గా అక్కడే.

బడి తెరిచాక నా వంతు వచ్చింది. కథంతా చెప్పి, ఏటి గట్టు దగ్గర ఆగి, "ఆ గొడుగు ఎవరిదో మీరే చదివి తెలుసుకోండి," అన్నాను. చివర చెబితే దొరికిపోతానని నా భయం. మాస్టారు మాత్రం పొంగిపోయారు. పుస్తకాన్ని ఏరుకోవడమే కాదు, ఇంకొకడికి అందించడం కూడా వీడికి తెలుసని క్లాసంతటితో చప్పట్లు కొట్టించారు. అంతటితో ఊరుకోక ఆ సాయంత్రం లైబ్రరీ బాబుతో కూడా చెప్పారు. లైబ్రరీ బాబు ఇరవై ఏళ్ళుగా దుమ్ము దులుపుతున్న ఆ పుస్తకాన్ని మొదటిసారి చదవడానికి కిందికి దించారు. పొగడ్త ఇంత దూరం వెళ్తుందని నేననుకోలేదు.

లైబ్రరీ బాబుకి పాతపట్నంలో ఒక అన్నగారున్నారు. పొలం గట్టు తగువుతో ఇద్దరికీ మాటల్లేక తొమ్మిదేళ్ళయింది. వానలు మొదలయ్యాక ఒక శనివారం లైబ్రరీ బాబు మా ఇంటికొచ్చి, మంచి నెత్తళ్ళు కావాలని మామ్మనడిగారు. "మా అన్నకి పట్టుకెళ్తన్నాను, అక్కడ సముద్రం చేప దొరకదు," అన్నారు. మామ్మ ఒక దోసెడు ఎక్కువే వేసింది. నేను గోడకి అతుక్కుపోయి నిలబడ్డాను.

సోమవారం సాయంత్రం లైబ్రరీ ఎదుట టీ బడ్డీలో మాస్టారూ లైబ్రరీ బాబూ రోజూ కూర్చునే బల్ల మీదే కూర్చుని ఉన్నారు. మధ్యలో నా పుస్తకం. నేను తల వంచుకుని దాటిపోతుంటే పిలిచారు. లైబ్రరీ బాబు మొహం వెలిగిపోతోంది. తనూ అన్నగారూ ఒకే కంచంలో తిన్నారట. మాస్టారి మొహం మాత్రం ఎర్రగా ఉంది. ఆయన కాలేజీ రోజుల్లో చదివిన నవలలో అన్న చనిపోతాడు, అవతలి గట్టున ఉన్నది పాలేరు, ఆ వార్త విని తమ్ముడు ఏరు దాటకుండానే బండి తిప్పేస్తాడు. నామాలు పెట్టుకునే ఇంట్లో నెత్తళ్ళ పులుసేమిటని ఆయన ప్రశ్న.

"ఇరవయ్యేళ్ళు దేశాలట్టుకు తిరిగినోడికి నామాలేటి, నెత్తళ్ళేటి మాస్టారూ. తమ్ముడి కోసం వదిన ఆచారం ఒదులుకున్నాది. రాసినోడి గొప్పతనం అదే," అన్నారు లైబ్రరీ బాబు. మూలప్రతి చూచి వ్రాయబడినది అన్న చోట వేలు పెట్టి చూపించారు. మాస్టారు అలవాటు కొద్దీ జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, ఆ పేజీలో రెండు అక్షరదోషాలు దిద్దారు. రాతైతే వాల్చాను గానీ, తప్పులు మాత్రం ఏడాది పొడవునా ఆయన దిద్దిన తప్పులే.

ఆయన పెన్ను మూసి నా వైపు చూశారు. "మేవిద్దరం కాక ఈ ఊళ్ళో ఇది సదివినోడివి నువ్వొక్కడివేరా. సెప్పు. నీకేటి గుర్తున్నాది?"

ఆయన అడిగింది నిజంగా తెలుసుకోవడానికే. అదే నన్ను ఇన్నేళ్ళూ పొడుస్తూ వచ్చింది. "ఇద్దరూ కలిసి భోజనం చేస్తారు మాస్టారూ," అన్నాను.

ఎప్పుడైనా మనసు కుట్టినప్పుడు, అన్నతో కలిసిన ఆ మనిషి సంతోషం చెడగొట్టడం ఇష్టంలేక అలా అన్నానని సర్దిచెప్పుకునేవాణ్ణి. అదీ అబద్ధమే. ఆ క్షణంలో నేను ఆలోచించింది నా వీపు గురించి.

మాస్టారు "అయితే నాకే తప్పు గుర్తున్నట్టున్నాది," అని టీ సగంలో వదిలేసి లేచారు. మర్నాడు ఆయన క్లాసుకి పుస్తకం పట్టుకుని వచ్చారు. పద్యం చెబుతూ మధ్యలో ఆగి, తెరిచి, వేలు పెట్టి చూసుకుని, మళ్ళీ చెప్పారు. మేం పదో తరగతి దాటేదాకా ఆయన కళ్ళు మూసుకుని ఒక్క పద్యం చెప్పగా నేను మళ్ళీ చూడలేదు. టీ బడ్డీ స్నేహం తెగలేదు గానీ, ఇద్దరూ అక్కడ వానల గురించి, బస్సుల గురించి తప్ప పుస్తకాల గురించి మాట్లాడుకోవడం మానేశారు. క్లాసులో నా పక్కవాళ్ళు మాస్టారికి పెద్దతనం వచ్చేసిందనేవారు. అప్పటికి ఆయనకి యాభై కూడా లేవు.

మొన్న విజయనగరంలో పుస్తకాల ప్రదర్శనలో ఆ నవల కొత్త ముద్రణ కనబడింది. అక్కడే నిలబడి చివరి అధ్యాయం తెరిచాను. ఆ కథ అసలు ముగింపు నేను చదవడం అదే మొదటిసారి. గొడుగు పట్టుకున్నది పాలేరే. అన్న పోయాడు. బండి తిరిగిపోయింది. మాస్టారు ఒక్క ముక్క తప్పు చెప్పలేదు. లైబ్రరీ బాబు పోయి చాలా ఏళ్ళయింది (ఆయనా, అన్నగారూ చివరిదాకా పండక్కీ పబ్బానికీ కలిసే ఉన్నారని విన్నాను, ఆయనకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు). మాస్టారు మాత్రం మా ఊళ్ళోనే కూతురి దగ్గర ఉంటున్నారు. పుస్తకం కొని నేరుగా వెళ్ళాను.

ఎనభై దాటిన మనిషి, వాలుకుర్చీలో కూర్చుని అంతా విన్నారు. సంత దగ్గర ఒకసారి నవ్వారు. టీ బడ్డీ దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆపేశారు. నేను పుస్తకం ఆయన చేతిలో పెట్టి తల వంచుకున్నాను. ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని, లోపలున్న కూతురికి వినబడేలా, "అమ్మా, ఇంక నాకు సరస్వతి ఆకు పసరు వద్దు," అన్నారు. తర్వాత నావైపు తిరిగి, "మతిమరుపుకని ముప్పై అయిదేళ్ళు తాగించీసినావు గదరా. ఎంత సేదో తెల్సా నీకు?" అన్నారు.

తెలియదన్నాను. నేను ఏం చేస్తే తప్పు తీరుతుందని అడిగాను. ఉన్నదున్నట్టు రాయమన్నారు. తన బుర్ర బాగానే ఉందని అందరికీ తెలిసేలా రాయమన్నారు. తర్వాత అసలు ముగింపు చదవమన్నారు. చదివాను. కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ, నాకంటే అర మాట ముందే వెళ్ళారు. అయ్యాక, "ఇప్పుడు నీది సెప్పు," అన్నారు. కాగితాలు లేవన్నాను. నోటితో చెప్పమన్నారు. గుర్తున్నంత వరకు చెప్పుకుంటూ వచ్చాను: గొడుగు, అన్నయ్య, కంచాలు, వదిన వడ్డించిన నెత్తళ్ళ పులుసు.

"మావిడికాయ ముక్కలు మర్సిపోనావు," అన్నారు మాస్టారు, కళ్ళు తెరవకుండానే. "పులుసులో పుల్లమావిడి ఏసినాది వదిన. రెండో పేజీ, కింద నుంచి నాలుగో వరస."

నిజమే, వేసింది. రాసింది నేనే అయినా నాకు గుర్తులేదు. బస్టాండుకి వస్తూ, దారిలో మందుల కొట్టు దగ్గర ఆగి సరస్వతి ఆకు పసరు సీసా ఒకటి కొని, అక్కడే మూత తీసి ఒక గుక్క తాగాను. మాస్టారు చెప్పినంత చేదుగానే ఉంది.