ఇద్దరి పేరున వచ్చే కవరు

పోయిన వారం కుప్పం నుంచి ఫోను వచ్చింది. “అక్కా, మా నాయన పోయినాడు. పొద్దున్నే కాఫీ తాగి గోడకానుకొని కూసున్నోడు, కూసున్నట్టే...” అని ఆ అమ్మాయి ఏడ్చింది. పుంగనూరులో లేత్ షెడ్డు పెట్టుకొని ఒంటరిగా బతికిన మనిషి, ఒంట్లో బాగాలేక పది రోజుల ముందే కూతురింటికి వెళ్ళాడట. ఆయన నాకు చుట్టమేమీ కాడు. అయినా ఇరవై ఏళ్ళుగా మామా అనే పిలిచాను. మదనపల్లెలో నా టైపు ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కి “ఏమ్మా, ఉండావా?” అని అడిగే మనిషి ఇక లేడు.

ఎనభైలు ముగుస్తున్న రోజుల్లో మొదటిసారి ఆయనా, ఆయన భార్యా కలిసి వచ్చారు. ఆమెను అత్తా అని పిలిచేదాన్ని. చింతపండు కాలంలో పుంగనూరు ఆడవాళ్ళు పండును రాతి మీద పెట్టి సుత్తితో కొట్టి గింజ తీస్తారు. అత్తా కొట్టేది. ఆమె బొటనవేలి గోరు ఎప్పుడూ నల్లగా కమిలి ఉండేది. రెండు రోలర్ల మధ్య పండును నలిపి గింజను పక్కకు తోసే మిషను ఆమెకు తట్టిన ఆలోచన. మామ దాన్ని చేసి చూపించాడు. ఎవరో కాలేజీ అయ్యవారు పేటెంటు తీసుకోమంటే, దరఖాస్తు టైపు కొట్టించడానికి నా దగ్గరకు వచ్చారు. కనిపెట్టినవారి పేరు అన్నచోట ఆయన పేరు కొట్టబోతే ఆపాడు.

“ఆమెది ముందు కొట్టమ్మా. ఆలోచన ఆమెది. నాది ఇనుము మాత్రమే.”

“సూడమ్మా, ఈయన యవ్వారం!” అని అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సర్టిఫికెట్ రావడానికి నాలుగేళ్ళు పట్టింది. అది వచ్చేసరికి అత్త లేదు. మామ దానికి ఫ్రేము కట్టించి, ఏటా ఆయుధపూజ రోజు లేత్‌తో పాటు దానికీ కుంకుమ పెట్టేవాడు. అప్పటి చట్టం ప్రకారం పేటెంటుకు పద్నాలుగేళ్ళు. ఆయన ఆ లెక్కను సర్టిఫికెట్ వచ్చిన రోజు నుంచి వేసుకుంటున్నాడని ఒకసారి బయటపడింది.

“అట్ల కాదు మామా, మనం దరఖాస్తు పెట్టిన దినం నుంచే లెక్క” అన్నాను.

“మరి ఆ నాలుగేండ్లు యాడికి పోయినట్టు?”

“వాళ్ళ బీరువాలో ఉన్నా దాని వయసు పెరుగుతానే ఉంటాది.”

“బాగుండాది సర్కారు లెక్క! బిడ్డకి పేరు పెట్టకముందే పెండ్లీడు వచ్చేసినట్టుండాది” అని నవ్వాడు. నవ్వాడే గానీ, తలకెక్కించుకోలేదు.

పేటెంటు బతికుండాలంటే ఏటేటా ఫీజు కట్టాలి. గడువు దాటితే జరిమానాతో ఇంకో ఆరు నెలలు ఆగుతారు. అదీ దాటితే పోయినట్టే. మామ ఒక్క ఏడూ తప్పలేదు. పుంగనూరు బస్సు దిగి వచ్చి, కాగితం ముట్టుకునే ముందు చేతులు లుంగీకి రెండుసార్లు తుడుచుకునేవాడు. కుర్చీ చూపిస్తే “గ్రీసు అంటుతుంది లేమ్మా” అని నిలబడే ఉండేవాడు. అత్త పేరులో అక్షరం తప్పు పడిందేమోనని నాతో చదివించుకునేవాడు.

“అత్త పేరు తీసేసి నీ ఒక్కడి పేరు మీదికి మార్పించుకో మామా, సంతకాల బాధ ఉండదు” అని నేనొకసారి తెలివి చూపించాను. ఆయన నా మీద కోప్పడింది ఆ ఒక్కసారే.

“యాల తీస్తాను? తీసేవోళ్ళు శానామంది ఉండారులే!”

నాలుగు మిషన్లు కూడా సరిగా అమ్ముడు పోలేదు. ఎవరెవరో అదే నమూనా చూసి చేసుకున్నారు. కేసు వెయ్యమంటే, “పోనీలే, ఆడోళ్ళ వేళ్ళు మిగుల్తాయి” అన్నాడు. మరి ఎందుకయ్యా ఈ ఫీజు తద్దినం అని నేను విసుక్కుంటే, చెన్నై పేటెంటు ఆఫీసు నుంచి రసీదు వచ్చిన కవరు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. “రేషను కార్డులో తీసేసినారు. ఓటర్ల లిస్టులో తీసేసినారు. వీళ్ళొక్కరే ఇంకా ఆమె పేరు రాస్తాండారు.”

కవరు మీద ఆమె పేరు మరోసారి పైకి చదివి, తిరిగి ఆయన చేతికిచ్చాను.

రెండువేల మూడులో చట్టం మారి, అప్పటికి బతికున్న పేటెంట్లన్నిటికీ గడువు ఇరవై ఏళ్ళయింది. మామది ఇంకొన్ని నెలల్లో ముగియాల్సింది. సంగతి చెప్పగానే, అన్నేళ్ళలో మొదటిసారి కుర్చీలో కూర్చున్నాడు. “ఇంకా ఆరేండ్లా?” అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. రెండు బస్సులు పోయినా లేవలేదు.

ఆ ఆరేళ్ళు కూడా గడిచాయి. ఇక ఫీజు లేదని చెప్పాను. “పొడిగించరా?” అన్నాడు. కొన్ని దేశాల్లో మందుల కంపెనీలకు పొడిగిస్తారట గానీ మన చట్టంలో అది లేదని చెప్పాను. తలూపి వెళ్ళాడు. వెళ్ళి, సర్టిఫికెట్ తేదీ నుంచి తన లెక్కే తాను వేసుకొని, నాకు చెప్పకుండా ఆ మరుసటి ఏడాదికీ డీడీ పంపించాడు. గడువు ముగిసిందని ఒక ముక్క రాసి డీడీ తిప్పి పంపారు. ఆ కవరు పట్టుకొని నా దగ్గరకు వచ్చాడు.

“వద్దన్నా గానీ, ఆమె పేరు రాసినారు సూడు!”

ఇద్దరం నవ్వుకున్నాం. మెట్లు దిగుతూ ఆగి, “ఇంగ ఎవురూ రాయరు గదమ్మా” అన్నాడు.

ఊరందరి అడ్రసులూ టైపు కొట్టే దాన్ని, నేను రాయలేనా అనుకున్నాను. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అంటూ మూడు నెలలు గడిపాను. నా బద్ధకం మండిపోను! పదిహేను రోజుల కింద కూర్చొని, కవరు మీద ఇద్దరి పేర్లూ కొట్టి, “అత్తా, మామా, బాగుండారా? ఈసారి చింతపండు ఎట్లుండాది?” అని రాసి పుంగనూరుకు పోస్టు చేశాను. అప్పటికే ఆయన కుప్పంలో ఉన్నాడని నాకు తెలియదు.

నిన్న ఆ కవరు తిరిగి వచ్చింది. విప్పలేదు. పేర్ల మీద అడ్డంగా, పోస్టుమన్ ఎర్ర సిరాతో రాసిన రెండు మాటలున్నాయి: ఇద్దరూ లేరు.