గుంజుకుంటే ఆగిన స్కీ

2023 జనవరి. కెనడాలో, ఒటావా పక్కన కనాటాలో మా ఆఫీసు. ఆఫీసంటే ఐదుగురం కూర్చునే రెండు గదులు, వెనక ఒక వర్క్‌షాప్, అంతే. బయటి కంపెనీలకు వస్తువులు డిజైన్ చేసిపెట్టడం మా పని. హ్యాండిళ్లు, మూతలు, గొళ్లేలు, ఇలా మనిషి చెయ్యో కాలో తగిలే భాగాలన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. అప్పటికి పదహారేళ్ల అనుభవం నాది. ఆ అనుభవం చూసుకుని కాస్త పొగరు కూడా ఉండేది, దాచడమెందుకు!

ఆ నెలలోనే మార్గరెట్ అనే ఆవిడ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. అరవై ఏడేళ్లుంటాయి. ఊరికి కాస్త దూరంలో క్రాస్ కంట్రీ స్కీయింగ్ నేర్పే సెంటర్ నడుపుతోంది. ఇది కొండ మీంచి దూసుకొచ్చే స్కీయింగ్ కాదు, స్కీలనే పొడవాటి సన్నటి పలకలు కాళ్లకు తగిలించుకుని అడవి దారుల్లో మంచు మీద జారుతూ నడవడం. బూటు ముందు భాగం మాత్రమే స్కీకి అతుక్కుని ఉంటుంది, మడమ లేస్తూ ఉంటుంది. ఆ బూటును పట్టుకునే భాగాన్ని బైండింగ్ అంటారు. బూటు మునివేళ్ల కింద సన్నటి కడ్డీ ఉంటుంది. దాన్ని బైండింగ్ గాడిలో కూర్చోబెట్టి పైనుంచి తొక్కితే టక్కున పట్టుకుంటుంది. చెప్పినంత తేలిక కాదు. కడ్డీ పాదం కింద ఉంటుంది కాబట్టి కనపడదు. గాడిలో మంచు పేరుకుంటుంది. వంగి, చేత్తో సర్దుకోవాలి.

“ఆ వంగడమే నావల్ల కాదు,” అంది మార్గరెట్. తుంటి ఆపరేషన్ తర్వాత ఆవిడ రెండు చలికాలాలుగా స్కీ ఎక్కలేదు. బజారులో దొరికే సులువైన రకాలన్నీ ప్రయత్నించి చూసిందట. “నా సెంటర్‌లో నేనే బెంచీ మీద కూర్చుని అందరినీ చూస్తున్నాను. ఇంకొకరు వచ్చి నా కాళ్లకు తొడగడం నాకిష్టం లేదు. వంగకుండా నా అంతట నేను వేసుకోగలిగేది చేసిపెట్టండి. మార్చిలో మంచు కరిగేలోపు కావాలి. ఈసారీ కుదరకపోతే ఇక స్కీయింగ్ మానేస్తాను.”

నేను రెచ్చిపోయాను. గాడిని వెడల్పు చేశాను, గోడలు ఏటవాలుగా పెట్టాను, కడ్డీని దారికి తెచ్చే అయస్కాంతం ఇరికించాను. ఆరు వారాల్లో ప్రోటోటైప్, అంటే నమూనా, సిద్ధమైంది. వర్క్‌షాప్ నేల మీద స్కీ పెట్టి కళ్లు మూసుకుని తొక్కినా టక్కుమనేది. ఆ చప్పుడు వినడానికే రోజుకు ఇరవైసార్లు తొక్కేవాణ్ణి.

ఇక మంచు మీద పరీక్ష. ఎప్పుడూ స్కీ ముట్టనివాళ్లు కావాలి. ఆ ఏడాది ఒటావాలో అలాంటివాళ్లకు కొదవా? ఏ బస్సెక్కినా తెలుగు వినిపించేది. వచ్చిన మొదటి చలికాలం కూడా దాటని స్టూడెంట్లే అంతా. “స్కీయింగ్ ఫ్రీ, మధ్యాహ్నం బిర్యానీ” అని వాట్సాప్ గ్రూపులో పెడితే పదకొండు మంది దిగారు. స్కీయింగ్ కోసం వచ్చినవాళ్లు ఎందరో నేను అడగలేదు.

మార్చి మొదటి శనివారం. “తొక్కండి! గట్టిగా తొక్కండి!” అని నేను అరుస్తున్నాను. వాళ్లు తొక్కుతున్నారు. తొక్కిన ప్రతిసారీ స్కీ ముందుకు జారిపోతోంది. నేల మీద కదలని స్కీ మంచు మీద కదులుతుందన్న సంగతి పదహారేళ్ల అనుభవానికి తట్టలేదు! ఇద్దరు కూలబడ్డారు. మార్గరెట్ ప్రయత్నిస్తే స్కీ పరిగెత్తింది, ఆవిడ రెయిలింగ్ పట్టుకుని నిలదొక్కుకుంది. తర్వాత వెళ్లి బెంచీ మీద కూర్చుంది. తిట్టినా బాగుండేది.

అప్పుడు టక్, టక్ అని రెండు చప్పుళ్లు. చూస్తే స్రవంతి. ఖమ్మం నుంచి జనవరిలో వచ్చిన అమ్మాయి. రెండు స్కీల మీదా నిలబడి ఉంది.

“ఏదీ, మళ్లీ చెయ్యమ్మా!”

విప్పి మళ్లీ చేసింది. బూటు కొసను బైండింగ్ దాటించి ముందుకు పెట్టింది. కడ్డీని గాడి అంచుకు తగిలించి స్కీని తనవైపు లాక్కుంది. ఆ తర్వాత దించింది. టక్!

“అలా కాదమ్మా, అది తప్పు. పైనుంచి తొక్కాలి,” అన్నాను. అలవాటు కదా.

“తొక్కితే ఉరుకుతాంది అంకుల్. గుంజుకుంటే ఆగుతాంది.”

అంకుల్ అన్న మాట కలుక్కుమన్నా అప్పుడు పట్టించుకునే స్థితిలో లేను. “ఇది ఎక్కడ నేర్చుకున్నావ్?”

“నేర్చుకునుడేంది? హాస్టల్ల తలుపు కాడ యాభై జతలుంటుండె. మన చెప్పులు కాలుతోనే ఎతుక్కొని, కాలుతోనే గుంజుకొని ఏసుకుంటం గదా! వంగేదెవరు?”

వంగేదెవరు! క్రాస్ కంట్రీ స్కీ అడుగున చేప పొలుసుల్లాంటి గరుకు ఉంటుంది. అది స్కీని ముందుకు జారనిస్తుంది, వెనక్కి జారనివ్వదు. తొక్కేటప్పుడు పారిపోయే స్కీ, వెనక్కి గుంజితే మంచును పట్టుకుని నిలబడుతుంది. మంచులో రెండు నెలలు కూడా గడపని పిల్ల పాదానికి అందిన సంగతి ఇది! అక్కడికక్కడే బిర్యానీ డబ్బా మూత మీద కొత్త బొమ్మ గీశాను.

గాడి నోరు ముందువైపుకు తిప్పాను. నడిచేటప్పుడు కాలు ముందుకు లాగితే కడ్డీ ఊడిరాదా అని మావాళ్ల భయం. నిజమే, అందుకే కడ్డీ లోపలికి రాగానే స్ప్రింగుతో మూసుకునే లాచ్ పెట్టాను, అంటే చిన్న గొళ్లెం. అది రెండుసార్లు విరిగింది, మూడోసారి నిలిచింది. ఆఫీసులో ఆ ఫైలుకు “గుంజ్” అని పేరు పడింది. నోరు తిరగకపోయినా అందరూ అదే అనేవాళ్లు.

మార్చి నాలుగో వారంలో ఎండ పడని దారిలో మాత్రమే మంచు మిగిలింది. మార్గరెట్ పోల్స్, అంటే చేతికర్రలు, ఆనించి నిలబడింది. కాలు ముందుకు పెట్టి, వెనక్కి గుంజింది. టక్. రెండో కాలు. టక్. నడుము వంగలేదు.

“భలే! ఇలాగే ఇంకో తొమ్మిదిసార్లు చెయ్యాలి, రాసుకుంటాను,” అన్నాను పెన్ను తీస్తూ.

తల ఎత్తేసరికి ఆవిడ లేదు. చెట్ల మధ్య జారుతూ వెళ్లిపోతోంది. “మార్గరెట్! టెస్ట్ అవలేదు!” అని అరిచాను. వెనక్కి తిరగలేదు. చూడ్డానికి రమ్మని నేను పిలిచిన స్రవంతి పక్కన పగలబడి నవ్వుతోంది. “పోనియ్యండి అంకుల్!”

నేనూ నవ్వాను. నవ్వుతుంటే కళ్లు చెమర్చాయి. వాడేవాళ్లు తప్పు చేయకుండా ఆపడమే డిజైన్ అని అంతవరకూ నమ్మినవాణ్ణి. ఇప్పుడు ఎవరైనా వస్తువును తప్పుగా పట్టుకుంటే నా నోరు మూతపడుతుంది, కళ్లు తెరుచుకుంటాయి. ఆ కాలికి, ఆ చేతికి నాకు తెలియనిది ఏదో తెలిసి ఉంటుంది. ఆ రోజు నా కాగితం మీద ఒక్క టిక్కే పడింది. మార్గరెట్ నలభై నిమిషాల దాకా తిరిగి రాలేదు.