వెలగపర్రు సెంటర్లో కుడి మలుపు

చౌడేశ్వరి పెడనలో మగ్గాల ఇళ్ల మధ్య పుట్టింది. తండ్రి సాంబమూర్తి చీరలు నేసేవాడు. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, విజయవాడలో రోడ్ల డిజైన్లు చేసే ఒక కంపెనీలో చేరేనాటికి ఆమెకు ఇరవై నాలుగేళ్లు. ఎండలో రోడ్డు పక్కన కూర్చుని బళ్లు లెక్కపెట్టే పని ఆడపిల్లకు ఎందుకని ఆఫీసులో చాలామంది అన్నారు. ఇచ్చి చూద్దామన్నది సీనియర్ ఇంజనీరు భానుచందర్ ఒక్కరే. టేపు పట్టడం దగ్గర్నుంచి డ్రాయింగు గీయడం దాకా ఆయనే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారు. సాంబమూర్తి పోయినప్పుడు పెడన వచ్చి, పెద్దకర్మ దాకా రోజూ ఫోన్ చేశారు. పన్నెండేళ్ల ఉద్యోగంలో ఆయన చెప్పిన మాటని చౌడేశ్వరి ఎప్పుడూ సరిచూసుకోలేదు. అలా చూసుకోవాలని కూడా ఆమెకు తోచలేదు.

విజయవాడ నుంచి పామర్రు వైపు వెళ్లే హైవే మీద ప్రమాదాలు ఎక్కువగా జరిగే కూడళ్లని బాగుచేసే పని ఆ కంపెనీకి వచ్చినప్పుడు, వెలగపర్రు సెంటర్ ఆమెకు అప్పగించారు. ఆ వేసవిలో పద్దెనిమిది రోజులు ఆమె అక్కడే ఉంది. మల్లీశ్వరి టీకొట్టు బల్ల మీద కూర్చుని వచ్చే బళ్లు, పోయే బళ్లు, తిరిగే బళ్లు కాగితం మీద గీతలు పెట్టుకునేది.

మూడో రోజుకే సంగతి అర్థమైంది. ఊళ్లోకి కుడికి తిరగాలని చెప్పే బోర్డు సరిగ్గా మలుపు దగ్గరే ఉంది. అది కూడా ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ వెనక సగం దాక్కుంది. కొత్తగా వచ్చేవాళ్లు మలుపు దాకా వచ్చాక బోర్డు చూసి, ఉన్నపళంగా బ్రేకు తొక్కేవారు. ఆగడానికి వేరే చోటు లేక, వేగంగా పోయే లేన్లోనే ఆగేవారు. చేపల లారీల నుంచి కారిన నీళ్లతో అక్కడ రోడ్డు ఎప్పుడూ తడిగా ఉండేది. వెనక వచ్చే బండి ఆగేది కాదు.

"అందరూ ఇక్కడికొచ్చాకే చూస్తారమ్మా. కాస్త ముందు చెప్పే నాథుడు ఉంటే ఇన్ని ప్రాణాలు పోవు," అంది మల్లీశ్వరి, గ్లాసులు కడుగుతూ.

చౌడేశ్వరి గీసిన డ్రాయింగు కూడా ఆ మాటే చెప్పింది. అర కిలోమీటరు ముందు ఒక పెద్ద బోర్డు, పావు కిలోమీటరు ముందు ఇంకొకటి. మలుపు దగ్గర కుడికి తిరిగే బళ్లు పక్కకి తప్పుకుని ఆగడానికి మధ్యలో ఒక ప్రత్యేకమైన లేను. ఆ లేనుకి చోటు కావాలంటే రోడ్డు ఎడమవైపు పదకొండు అడుగులు జరగాలి. ఎడమవైపు మల్లీశ్వరి కొట్టు, ఆ వెనక రామకోటేశ్వరరావు అనే రైతు దొడ్డి, అందులో వరసగా తొమ్మిది కొబ్బరిచెట్లు ఉన్నాయి.

భానుచందర్ డ్రాయింగు చూసి మెచ్చుకున్నారు. "స్థలం ఇస్తామన్న ఒప్పుకోలు పత్రాలు మాత్రం నువ్వే తేవాలమ్మా. నేను వెళ్తే ఆఫీసరొచ్చాడని బిగుసుకుపోతారు. నువ్వు వాళ్లలో మనిషివి. ఈ స్థలం లేను కోసమేనని గట్టిగా మాటివ్వు," అన్నారు.

ఆగస్టు ఎనిమిదో తారీకున ఆ రైతు ఇంటికి వెళ్లింది. ఆ రోజు వరలక్ష్మీ వ్రతం. రామకోటేశ్వరరావు కాగితం ఇటు తిప్పి అటు తిప్పి చూస్తుంటే, లోపల్నించి ఆయన భార్య రామతులసి కుంటుకుంటూ వచ్చింది. రెండేళ్ల కిందట అదే సెంటర్లో కారు గుద్ది ఆమె తుంటి విరిగింది.

"చెట్లు కొట్టేస్తారా?" అని అడిగింది.

"కొట్టక తప్పదు పిన్నిగారూ. కానీ తిరిగే బండి పక్కకి ఆగుతుంది. వెనకాల బండి దాని మానాన అది పోతుంది. నేను దగ్గరుండి లెక్కవేశాను."

"ఇంకొకళ్లకి నా గతి పట్టదుగా?"

"పట్టదు. నాదీ పూచీ."

"పెట్టండి సంతకం," అంది రామతులసి భర్తతో. తర్వాత చౌడేశ్వరికి బొట్టు పెట్టి, నానబెట్టిన శనగలు, తమలపాకులు, జాకెట్టుముక్క చేతిలో పెట్టింది. మల్లీశ్వరి కూడా ఆ సాయంత్రమే వేలిముద్ర వేసింది. "కొట్టుదేముందమ్మా, అవతల పెట్టుకుంటా," అంది.

పనులు మొదలయ్యాక చౌడేశ్వరిని మైలవరం దగ్గర ఇంకో పని మీదికి పంపారు. ఆరు నెలలు అటు వెళ్లడానికి కుదరలేదు. ఫిబ్రవరిలో ఒక ఉదయం మల్లీశ్వరి ఫోన్ చేసింది. "ఒకసారొచ్చి చూసిపో," అని మాత్రం అని పెట్టేసింది.

చౌడేశ్వరి బస్సు దిగేసరికి సెంటర్ లేదు. మధ్యలో ఉన్న దారి సిమెంటు దిమ్మలతో మూసేశారు. కుడికి తిరిగే దారి నాలుగు వందల మీటర్ల అవతల, కొత్తగా కట్టిన ఫంక్షన్ హాలు గేటుకి ఎదురుగా తెరిచారు. కొబ్బరిచెట్లున్న చోటు నుంచి ఆ హాలు దాకా నున్నటి తారుదారి పోతోంది. కుడికి తిరిగే లేను ఎక్కడా లేదు. ముందుగా పెట్టాల్సిన బోర్డులూ లేవు. ఊరివాళ్ల మోటారు సైకిళ్లు అంత దూరం పోయి తిరిగిరాలేక, హైవే మీద ఎదురుగా వస్తున్నాయి.

రామకోటేశ్వరరావు అరుగు మీద ఉన్నాడు. లేవలేదు.

"రండి మేడం గారూ," అన్నాడు. అంతకుముందు ఆయన ఆమెని అమ్మాయ్ అనే పిలిచేవాడు.

"బాబాయిగారూ, ఇది నేను గీసింది కాదు."

"కాంట్రాక్టరు మనుషుల్ని నిలదీశాను. కాగితం చూపించారు. మూలన మీ పేరే ఉంది." జేబులోంచి ఫోన్ తీసి ఫొటో చూపించాడు.

పేరు ఆమెదే. పైన ఫంక్షన్ హాలు, దాని దారి, మూసేసిన సెంటర్. కింద 'తయారుచేసినవారు' అన్న గడిలో చౌడేశ్వరి. దాని పక్కన మార్పు చేసిన తేదీ ఉంది. ఆగస్టు అయిదు.

ఆమె ఆ తేదీని పెద్దది చేసి మళ్లీ చూసింది. వరలక్ష్మీ వ్రతానికి మూడు రోజుల ముందు. మాటివ్వమని భానుచందర్ పంపేనాటికే డ్రాయింగు మారిపోయింది.

లోపల గుమ్మం దగ్గర రామతులసి నిలబడి ఉంది. ఏదైనా అడిగితే బాగుండునని చౌడేశ్వరికి అనిపించింది.

అక్కడి నుంచి నేరుగా ఆఫీసుకి వెళ్లింది. భానుచందర్ భోజనం డబ్బా తెరుస్తున్నారు.

"సార్, నేను వెలగపర్రు వెళ్లేటప్పటికి మీకు తెలుసా?"

ఆయన మూత మళ్లీ పెట్టారు. "కూర్చోమ్మా. పైనుంచి ఒత్తిడి వచ్చింది. హాలువాళ్లకి పలుకుబడి ఉంది. నేనూ ఉద్యోగం చేసుకునేవాణ్ణే."

"తెలుసా, తెలీదా?"

"తెలుసు."

"మరి నన్నెందుకు పంపించారు?"

"నిజం చెప్తే వాళ్లు స్థలమివ్వరు. నీకు చెప్తే నువ్వు అబద్ధమాడలేవు."

"నా పేరెందుకుంచారు?"

"పేరు మారిస్తే ఫైలు మళ్లీ మొదటికొస్తుంది. నీకేం కాదు, నేను చూసుకుంటా."

పన్నెండేళ్లుగా ఆమెకు ధైర్యమిస్తూ వచ్చిన మాట అది. తన నిజాయితీని ఆయన ఎంత బాగా తెలుసుకున్నారో, దాన్ని ఎంత తేలిగ్గా వాడుకున్నారో ఒక్కసారే అర్థమైంది. ఏడవకూడదనుకుంది, ఏడ్చింది. ఆయన మంచినీళ్ల సీసా జరిపితే ముట్టుకోలేదు.

ఆ వారం సెలవు పెట్టి, తన పాత డ్రాయింగు, పద్దెనిమిది రోజుల లెక్కల కాగితాలు వెతికి తీసింది. రెండో డ్రాయింగు తనది కాదని, తన పేరుని తనకి తెలియకుండా వాడారని రాసి సంతకం చేసింది. ఆమె భర్త విజయవాడ వన్‌టౌన్‌లో బట్టలకొట్టులో పనిచేస్తాడు. కాగితం చదివి, "ఉద్యోగం పోతుంది, తెలుసుగా?" అన్నాడు. తెలుసంది. అతనే వెళ్లి జిరాక్సులు తీయించుకొచ్చాడు.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే చోట ఆమె వరసలో నిలబడింది. మల్లీశ్వరి పక్కనే ఉంది. రామకోటేశ్వరరావు కూడా వచ్చాడు గానీ, కాస్త ఎడంగా నిలబడ్డాడు.

రెండు నెలల తర్వాత తనిఖీకి మనుషులు వచ్చారు. ఆ తర్వాత ముందు బోర్డులు రెండూ పెట్టారు. దూరం నుంచి కనబడే పెద్ద అక్షరాలు, మలుపుకి ఆమె చెప్పినంత దూరంలోనే. వాటి మీద ఫ్లెక్సీ కట్టకుండా కంచె వేశారు. లేను మాత్రం రాలేదు. ఫంక్షన్ హాలు ముందు దారి మూయలేదు. ఎవరి మీదా చర్య తీసుకోలేదు. ఏటా పొడిగించే చౌడేశ్వరి ఉద్యోగం కాంట్రాక్టుని కంపెనీ ఈసారి పొడిగించలేదు.

ఇప్పుడామె పామర్రులో ఒక చిన్న సర్వే ఆఫీసులో పొలాల హద్దులు కొలుస్తోంది. టేపు పట్టినప్పుడల్లా అది ఎవరు నేర్పారో గుర్తొస్తుంది. నేర్చుకున్న పనిని వదులుకోలేదు, నేర్పిన మనిషిని తలుచుకోకుండానూ ఉండలేదు. దానికే ఆమెకి ఎక్కువ ఉక్రోషం.

మొన్న విజయవాడ బస్టాండులో భానుచందర్ ఎదురుపడ్డారు. జుట్టు బాగా నెరిసింది.

"ఇంకా కోపమేనా అమ్మా?" అన్నారు.

"కోపం తగ్గింది సార్. కానీ మా నాన్న పోయినప్పుడు మీరు రోజూ ఫోన్ చేశారు చూడండి, అది కూడా నిజమో కాదో ఇప్పుడు తెలియట్లేదు."

ఆయన ఏదో చెప్పబోయారు. పామర్రు బస్సు వచ్చింది. ఆమె ఎక్కి, అవతలి వైపు కిటికీ దగ్గర కూర్చుంది.