ఫిల్టరు బుట్టలో వేసిన పటిక

ఎనిమిదేళ్ళుగా ఒక మాట మింగి తిరుగుతున్నాను. ఇంట్లో వాళ్ళకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను.

నరసరావుపేట పక్కన ఒక తోటలో స్విమ్మింగ్‌పూల్ ఉంది. నేను అక్కడ ఊడ్చేదాన్ని. మోటారు ముందుండే బుట్టలో చేరిన ఆకులు తీసేదాన్ని. ఆ నీళ్ళను వడగట్టే ఇసుక డ్రమ్మును సాంబయ్య బాబాయి చూసుకునేవాడు. డ్రమ్ముకు అరచెయ్యి ఆనించి, లోపల ఇసుక ఎంత మురికి పట్టిందో చెప్పేవాడు. దాని మీదున్న మీటరు ముల్లు చూస్తే సరిగ్గా అంతే ఉండేది. చూసినప్పుడల్లా ముక్కున వేలేసుకునేదాన్ని.

ఒక వానాకాలం నీళ్ళు మసకబారాయి. తాను ఇసుక కడుగుతున్నానని, రెండు రోజులు ఓపిక పట్టమని అన్నాడు బాబాయి. నేను పట్టలేదు. మా ఇంట్లో బురదనీళ్ళ బిందెలో పటిక తిప్పితే తెల్లారేసరికి తేటపడతాయి. బిందెకు పనిచేసింది దీనికి పనిచేయదా? ఎవరూ చూడకుండా రెండు పెద్ద పటిక గడ్డలు ఆ బుట్టలో వేసి మోటారు ఆన్ చేశాను. సాయం చేద్దామనా, లేక బాబాయికి చేతకానిది నేను చేశాననిపించుకోవాలనా? నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా వచ్చే జవాబు రెండోదే.

మూడో రోజుకు నీళ్ళు మజ్జిగలా అయ్యాయి. ఎంత కడిగినా తేరుకోలేదు. బాబాయి నన్ను పక్కకు పిలిచాడు.

“ఏమే అమ్మాయ్, బుట్టలో ఏమన్నా ఏశావా? ఉన్నది చెప్పు, నేనేం అనను.”

“నేనేం ఏత్తాను బాబాయ్. ఆకులు తీయటమేగా నా పని.”

“సర్లే, నువ్వు లేదంటే లేనట్టే. డ్రమ్ముకు దిష్టి తగిలిందేమో, నిమ్మకాయ కడదాం.”

నవ్వాడు. మర్నాడే తోట యజమాని ఆయన్ను పని మాన్పించాడు.

కొత్తగా వచ్చినాయన డ్రమ్ము మూత తీశాడు. ఇసుక బెల్లం అచ్చులా గడ్డకట్టి, పైన తెల్లటి జిగురు. ఎవరో పటిక కుమ్మరించారన్నాడు. ఆ ముసలోడి పనే అన్నాడు యజమాని. చీపురు పట్టుకుని నేను అక్కడే ఉన్నాను.

ఇసుక మార్చారు. రెండో రోజు పొద్దున వెళ్ళి గట్టు మీద నిలబడిపోయాను. నీళ్ళున్నాయా లేవా అన్నట్టుంది. ఎనిమిది అడుగుల లోతున ఎవరిదో తలపిన్ను, దాని నీడతో సహా కనిపించింది. ఒట్టి ఇసుక ఇంత పని చేస్తుందా! తెలియకుండానే చేతులు జోడించాను. అది చూడాల్సిన మనిషి మాత్రం అక్కడ లేడు.

ఆయన ఇప్పుడు బెల్లంకొండ వైపు క్వారీలో రాళ్ళు మోస్తున్నాడు. ఎదురైతే ఇప్పటికీ బాగున్నావా అని నవ్వుతూ పలకరిస్తాడు. డ్రమ్ము లోపలి సంగతి తెలిసిన మనిషికి నా సంగతి తెలియకుండా ఉంటుందా? తెలిసే వదిలేశాడా? అంత పెద్ద మనసు ఉంటుందా ఎవరికైనా? తలుచుకుంటే భయం వేస్తుంది.

ఆయన ముందు నిలబడి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. ఇక్కడ నా పేరు కూడా రాయలేకపోయాను. పటిక వేసింది నేనేనని మాత్రం రాశాను. ఈ పూటకు ఇంతే ఊపిరి అందింది.