పిల్లల గుంపు మీద గాలం

వానాకాలం వచ్చిందంటే జహూర్ ఆకలితో ఉన్న చేపల జోలికి పోడు. ఆకలిని నమ్ముకున్నవాడు సాయంత్రానికి ఖాళీ సంచి ఊపుకుంటూ ఇంటికి పోవాల్సిందేనని అతని లెక్క. చేపకు ఇప్పుడు ఆకలి ఉంటుంది, కాసేపటికి ఉండదు. కడుపు నిండితే ఎంత మంచి ఎర వేసినా మొహం తిప్పుకుని పోతుంది. అందుకే అతను పాల్వంచ దాటి అడవి మొదలయ్యే చోట, వాగు పక్కన నిలిచిన మడుగుల వెంట తిరుగుతూ నీటి మీద ఎర్రటి మరక కోసం వెతుకుతాడు. ఆ మరక కొర్రమీను పిల్లల గుంపు. గోరంత కూడా లేని వందల పిల్లలు ఒకేచోట ముద్దగా తిరుగుతూ, గాలి కోసం పైకి వచ్చినప్పుడల్లా నీటిని మరుగుతున్న ఎసరులా కదిలిస్తాయి. వాటి కింద, కంటికి ఆననంత లోతులో, తల్లీ తండ్రీ కాపలా కాస్తుంటాయి.

జహూర్ ఒక చిన్న కప్పను బతికుండగానే గాలానికి గుచ్చుతాడు. తొందరగా చావకుండా తొడ పక్క నుంచి గుచ్చుతాడు. దాన్ని సరిగ్గా ఆ పిల్లల మధ్యలో పడేటట్టు విసిరి మెల్లగా లాగుతాడు. మొదట పెద్ద చేప ఓర్చుకుంటుంది. మళ్ళీ విసిరితే కింద నీళ్ళు బరువుగా కదులుతాయి. ఇంకోసారి విసిరితే కొడుతుంది. తినడానికి కాదు, చంపడానికి కొడుతుంది కాబట్టే గాలం గొంతు దాకా దిగుతుంది. జతలో ఒకటి గట్టు మీద కొట్టుకుంటుంటే రెండోది పారిపోవచ్చు గదా. పోదు. పిల్లల కిందనే ఉండి తన వంతు వచ్చినప్పుడు అదీ కొడుతుంది.

చేపలు రెండూ సంచిలో పడ్డాక కూడా జహూర్ వెంటనే లేవడు. బీడీ ముట్టించుకుని కూర్చుంటాడు. పిల్లలు కాసేపు అదే చోట తిరుగుతాయి, ఎటు పోవాలో తెలియక. ముందు జెల్ల చేపలు పసిగడతాయి, తర్వాత నీటికాకి దిగుతుంది. బీడీ అయిపోయేసరికి నీళ్ళ మీద మరక ఉండదు. అప్పుడు లేచి లుంగీ దులుపుకుంటాడు.

పక్కన కూర్చునే ఆంథోనికి ఇది గిట్టదు. కాలనీలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన ఆంథోని వానపాములు గుచ్చి, వేలెడంత పరక చేపలు పట్టుకుని, వాటితోనే మురిసిపోయే మనిషి. జహూర్ కప్పను తీయగానే మొహం అటు తిప్పుకునేవాడు. జహూర్‌కు అది మరీ హుషారు. తను కనిపెట్టిన సంగతిని అతనికి నెలకోసారైనా కొత్తగా చెప్పేవాడు.

"ఆకలిని నమ్మద్దు ఆంథోని. కడుపుతీపిని నమ్మాలె. అది ఎన్నడు కొట్టినా పడతది."

ఏదో తపస్సు చేసి సంపాదించిన జ్ఞానంలా చెప్పేవాడు గానీ, అది అతను బతుకంతా వాడుకున్న పనిముట్టే. బస్టాండు దగ్గర అతనికి లేత్ మిషన్ షాపుండేది. పనివాళ్ళు వేరే షాపుకు పోతామంటే జీతం మాట ఎత్తేవాడు కాదు. వాళ్ళ పిల్లల గురించి అడిగేవాడు. చిన్నదానికి ఉబ్బసం తగ్గిందా, పెద్దోడు ఏ బడికి పోతున్నాడు, నువ్వు ఊరు మారితే వాడి చదువేం కావాలె. అంత ప్రేమగా అడిగేవాడు గనుక ఎదుటివాడికి తనను ఎక్కడ పట్టుకున్నారో కూడా తెలిసేది కాదు. జహూర్ మంచివాడని పాల్వంచలో ఎవరూ అనలేదు. చెడ్డవాడనడానికి మాత్రం ఎవరికీ సాక్ష్యం దొరకలేదు.

అలాంటి మనిషికి ఒక్కడే కొడుకు, ముస్తకీమ్. ఇల్లందు రోడ్డు మీద బొగ్గు టిప్పర్ కింద బైకు నలిగిపోయి చచ్చిపోయాడు. ముప్పై రెండేళ్ళవాడు. జహూర్ ఎవరి ముందూ ఏడవలేదు. షాపు అమ్మేశాడు. కొడుకు చొక్కాలు పంచిపెడతానని భార్య అక్బరీ బేగం అంటే ఒంటికాలి మీద లేచాడు. కోడలు మెహర్ భర్త పోయాక పాటించాల్సిన ఇద్దత్ రోజులు ఆ ఇంట్లోనే గడిపి, అవి ముగిశాక ఐదేళ్ళ కూతురు నజియాను తీసుకుని ఇల్లందులో అన్న మతీన్ ఇంటికి వెళ్ళిపోయింది. అక్కడ ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరింది.

అంతవరకూ జహూర్ ఓర్చుకున్నాడు. మెహర్‌కు సంబంధం చూస్తున్నారన్న మాట చెవిన పడ్డప్పుడు మాత్రం ఓర్చుకోలేకపోయాడు. పెళ్ళికొడుకు ఇల్లందులోనే మోటార్ వైండింగ్ షాపువాడు, భార్య పోయినవాడు, నెమ్మదస్తుడు. మెహర్ పిల్లను తనతో తెచ్చుకుంటానంది, అతను సరేనన్నాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అదే జహూర్‌ను మండించింది. మెహర్ ఇంకొకరి భార్య అయితే ముస్తకీమ్ పెళ్ళాం అనే మనిషి లోకంలో ఉండదు. ముస్తకీమ్ రెండోసారి చచ్చినట్టే. మెహర్ ఈ ఇంటికి రావాలి, ముస్తకీమ్ గదిలో ఉండాలి, ముసలిదయ్యేదాకా ఉండాలి. అతనికి కావలసింది అదొక్కటే.

ఎండాకాలం సెలవుల్లో మనవరాలిని నాలుగు రోజులుంచుకుంటానని తెచ్చుకున్నాడు. మళ్ళీ పంపలేదు. మొదట జ్వరమన్నాడు, తర్వాత దాదీని, నానమ్మను, వదిలి రానంటోందన్నాడు, బళ్ళు తెరవగానే పాల్వంచ బడిలోనే చేర్పించాడు. మెహర్ ఫోన్ చేసి అడిగితే నింపాదిగా చెప్పాడు. "పిల్ల ఎక్కడికీ పోలే, ఈడనే ఉన్నది. నువ్వొచ్చి నీ ఇంట్ల ఉండు."

మెహర్ వచ్చింది, ఉండటానికి కాదు, చూడటానికి. ప్రతి ఆదివారం పొద్దున బస్సులో వచ్చి, పిల్లకు తలంటి, అన్నం తినిపించి, సాయంత్రం బస్సుకు పోయేది. మనిషి ఆదివారానికీ ఆదివారానికీ చిక్కిపోతూ వచ్చింది. జహూర్ అది చూసి సంబరపడ్డాడు. నీళ్ళు కదులుతున్నాయి అనుకున్నాడు. ఆంథోనితో అలాగే అన్నాడు కూడా. ఆంథోని నీటి మీద తేలే గాలపు బెండు మీంచి చూపు తిప్పకుండా, అది ఆడపిల్ల భాయ్, కొర్రమీను కాదు అన్నాడు. జహూర్ నవ్వాడు.

ఇంతటితో ఆగినా బాగుండేది. ఆగలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం నజియాను పక్కకు పిలిచి, అమ్మీ పోయేటప్పుడు దుపట్టా గట్టిగా పట్టుకో బిడ్డా, ఇడిచిపెడితే మళ్ళీ రాదు అని చెప్పాడు. పిల్ల నమ్మింది. సాయంత్రం గేటు దగ్గర తల్లి దుపట్టా కొసను రెండు పిడికిళ్ళలో బిగించి పట్టుకుంది. ఏడవలేదు, మాట్లాడలేదు, ఉన్న బలమంతా వేళ్ళలోనే పెట్టింది. మెహర్ కింద కూర్చుని ఒక్కొక్క వేలే విడదీసింది. ఒకటి విడదీసేలోపు ఇంకొకటి మూసుకునేది. రోడ్డు మీద బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. జహూర్ అరుగు మీద కుర్చీలో కూర్చుని ఇదంతా చూశాడు. లోపలి నుంచి అక్బరీ బేగం వచ్చి, నువ్వసలు మనిషివేనా అని అడిగింది. ఆ రాత్రి మెహర్ అక్కడే ఉండిపోయింది. ముస్తకీమ్ గదిలో లైటు వెలిగింది. చాలా నెలల తర్వాత జహూర్ కడుపునిండా తిన్నాడు.

తెల్లారి మొదటి బస్సుకే మెహర్ వెళ్ళిపోయింది, పిల్ల లేవకముందే.

ఇక చివరి దెబ్బ మిగిలిందనుకున్నాడు జహూర్. మసీదు దగ్గర కూర్చునే ఒక పెద్దమనిషిని పట్టుకుని పెళ్ళికొడుకు వాళ్ళకు కబురు పంపాడు. పిల్ల మా రక్తం, తల్లితో మీ ఇంటికి వస్తే మేమూ దాని వెనకే వస్తాం, వారం వారం మీ గడపలోనే ఉంటాం, కోర్టుకైనా పోతాం అని. వాళ్ళు భయపడి సంబంధం వదులుకుంటారని అతని ఎత్తు. వాళ్ళు భయపడ్డ మాట నిజమే. నెమ్మదైన మనుషులు, గొడవలంటే వణుకు. ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకుని, సంబంధం వద్దనలేదు, పిల్ల వద్దన్నారు. మెహర్ ఒక్కతే వస్తే నికా, పిల్ల మాట ఇక ఎన్నడూ ఎత్తకూడదు. మెహర్ నిర్ణయం చెప్పడానికి వారం గడువు అడిగింది. తర్వాత సరేనంది.

జహూర్‌కు ఈ సంగతేదీ తెలియదు. ఆదివారం పొద్దున్నే నజియాకు కొత్త గౌను తొడిగించి గేటు దగ్గర నిలబెట్టాడు. ఇల్లందు వైపు నుంచి బస్సులు వచ్చినవి వచ్చినట్టు పోయాయి. మధ్యాహ్నం దాటాక ఒక ఆటో ఆగింది. దిగింది మతీన్. చేతిలో పెద్ద బట్టల సంచి. అందులో నజియా చలికోటు, రంగు పెన్సిళ్ళు, ఇల్లందులో పక్కన పెట్టుకుని పడుకునే చిన్న దిండు. సంచిని అరుగు మీద పెట్టి, నిలబడే చెప్పాడు.

"నిన్న మెహర్ నికా అయింది. పిల్లను మీరే సాకుకోండ్రి."

మంచినీళ్ళు కూడా ముట్టకుండా అదే ఆటోలో వెళ్ళిపోయాడు. నజియా సంచిలోంచి దిండు తీసుకుని మళ్ళీ గేటు దగ్గరికి పోయి నిలబడింది. అమ్మీ తర్వాతి బస్సులో వస్తుందని, సామాను ముందు పంపిందని అనుకుంది. ఎవరూ కాదనలేదు. చీకటి పడ్డాక అక్బరీ బేగం ఎత్తుకుని లోపలికి తెచ్చింది.

జహూర్‌కు దుఃఖం రాలేదు, ముందు ఆశ్చర్యం వచ్చింది. తల్లి అన్నది పిల్లను వదిలి పోవడం అతని లెక్కలోనే లేదు. మెహర్‌ది రాతి గుండె అని బజారంతా చెప్పుకుని తిరిగాడు. మడుగు దగ్గర ఆంథోనితోనూ అదే మాట మొదలుపెట్టాడు. యాభై ఏళ్ళుగా చూస్తున్నానని, పిల్లలను ఇడిచిపెట్టి పోయే చేపను ఒక్కదాన్ని కూడా చూడలేదని అన్నాడు.

ఆంథోని గాలానికి ఇంకో వానపామును గుచ్చుతూ అన్నాడు.

"పోయిన చేప నీకెట్ల కనపడ్తది భాయ్? నువ్వు చూసినయన్నీ నీ గాలానికి పడ్డయే గదా."

జహూర్ యాభై ఏళ్ళ జ్ఞానం అంత చిన్న మాటకు కూలిపోతుందని ఎవరనుకుంటారు. ఎన్ని కొర్రమీనులు ఆ కప్పను చూసి, లెక్క వేసుకుని, పిల్లలను అక్కడే వదిలి తమ ప్రాణం తాము దక్కించుకుని పోయాయో అతనికేం తెలుసు. అవి సంచిలో పడలేదు గనుక లేవనే అనుకున్నాడు.

నజియా ఇంట్లో మంచి పిల్ల అయిపోయింది. అది చూడటమే కష్టంగా ఉండేది. అన్నం పెడితే తినేది, పడుకోమంటే పడుకునేది, దేనికీ మారాం చేసేది కాదు. రాత్రిళ్ళు నిద్రలో పిడికిళ్ళు మాత్రం బిగుసుకుని ఉండేవి. అక్బరీ బేగం మోకాళ్ళ నొప్పులతో నేల మీది నుంచి లేవలేకపోతోంది. జహూర్‌కు డెబ్బై దగ్గర పడ్డాయి, ఛాతీలో ఏదో పట్టేసినట్టు ఉంటోంది. మేం పోతే ఈ పిల్లకెవరు అన్న ఆలోచన ఒక రోజు మెట్లెక్కుతుండగా వచ్చింది. ఆ తర్వాత పోలేదు. అప్పుడు అతనికి నిజంగా భయం వేసింది.

దసరా సెలవుల్లో నజియాకు కొత్త బట్టలు తొడిగి ఇల్లందు బస్సెక్కించాడు. మతీన్‌ను ఫోన్లో బతిమాలి ఒప్పించాడు, ఒక్కసారి మెహర్‌ను పుట్టింటికి పిలిపించమని. మెహర్ వచ్చింది. ఒళ్ళు చేసింది, మొహంలోకి రంగు వచ్చింది. నజియాను చూసి కళ్ళలో నీళ్ళు తిరిగాయిగానీ రాలనివ్వలేదు. దగ్గరికి తీసుకోలేదు. సేమ్యా పెట్టింది, జడ విప్పి మళ్ళీ వేసింది, ఎన్నో క్లాసు అని అడిగింది, పక్కింటి పిల్లను అడిగినట్టు. పిల్ల కూడా బుద్ధిగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని, అన్నిటికీ జవాబు చెప్పింది.

పిల్ల బయట మేకపిల్లను చూస్తుండగా జహూర్ కోడలి ముందు చేతులు జోడించాడు. బతుకులో ఎవరి ముందూ జోడించనివాడు. తప్పయింది, తీసుకుపో, నేనే వచ్చి మీ వాళ్ళకు చెప్తాను, ఇక మీ గడప తొక్కను అన్నాడు.

"వాళ్ళు ఇప్పుడు మీ మాట నమ్మరు మామూ," అంది మెహర్. "నాకు ఇప్పుడు మూడో నెల. ఇప్పటి అత్తగారిల్లు గూడ పోగొట్టుకోలేను. పిల్ల దుపట్టా పట్టుకున్న రాత్రి మీ ఇంట్ల పొద్దుదాకా ఆలోచన చేసిన. ఇద్దరం మునుగుడా, ఒక్కరన్న తేలుడా అని. మీరు నన్ను ఇది గూడ చేయగలిగేదాన్ని చేసిండ్రు."

గొంతు పెంచలేదు. తిట్టలేదు. తిడితే అతనికి కొంచెం ఊరటగా ఉండేదేమో. లేచి గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది, వాళ్ళు వెళ్ళేదాకా మళ్ళీ బయటికి రాలేదు.

సాయంత్రం బస్సులో నజియా కిటికీ పక్కన కూర్చుంది. బస్సు టేకులపల్లి దాటింది. తర్వాత తాతవైపు తిరిగి, మెల్లగా, ఎవరూ వినకూడదన్నట్టు అడిగింది.

"నేను ఈసారి దుపట్టా పట్టుకోలే గద దాదా. అమ్మీ చూసిందా?"

చూసిందని చెప్పాడు జహూర్.