దిష్టి పోగు లేని గళ్ళు

స్కాట్లాండులో మగవాళ్ళు పెళ్ళిళ్ళకు గళ్ళ పావడాలు కట్టుకుంటారని చెబితే మా నాన్న నవ్వలేదు. "పావడా ఏంటే, లుంగీ అని ఏడవచ్చుగా," అన్నాడు. చీరాల పక్క పల్లెలో యాభై ఏళ్ళుగా గళ్ళ లుంగీలు నేసిన మనిషి. ప్రపంచంలో ఎక్కడ నిలువు రంగూ అడ్డం రంగూ కలుసుకున్నా అది తన సొంత వ్యవహారమే అనుకుంటాడు.

సెలవులకు ఇంటికొచ్చి నేను ఆ ప్రస్తావన ఎందుకు తెచ్చానంటే, గుంటూరులో నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి ఇప్పుడు హైదరాబాదులో బట్టల కొట్టు పెట్టింది. కొట్టు అనకూడదట, స్టూడియో అనాలట. ఆ స్కాట్లాండు టార్టాన్ గళ్ళను ఉన్నిలో కాకుండా నూలులో, చేమగ్గం మీద నేయిస్తే మన ఎండలకు బాగుంటుందని దాని ఆలోచన. ముందు నమూనాకు పది గజాలు, నచ్చితే ఏడాదంతా పని.

నాన్నకు అప్పటికి ఆర్నెల్లుగా చేతిలో పని లేదు. ఆయన కాళ్ళు పెట్టుకుని కూర్చునే మగ్గం గుంటను చూసినప్పుడల్లా అమ్మ, "అది పూడిస్తే ఆ గదిలో మంచం పడుతుంది," అని సాధిస్తోంది. చివరికి నాన్న, "ఈ గుడ్డ గనక వెనక్కొస్తే నా చేత్తో నేనే పూడుస్తా. అందాకా నోరు మూసుకో," అన్నాడు. అమ్మ మూసుకుంది. మా ఇంట్లో అదే పెద్ద విశేషం.

టీచర్ని కదా, నేను ఊరుకుంటానా? ఇంటర్నెట్లో టార్టాన్ చరిత్ర చదివి నాన్నకు పాఠం చెప్పాను. రాజు మీద తిరగబడ్డారని ఒకప్పుడు అక్కడి కొండప్రాంతపు మగవాళ్ళు ఆ దుస్తులు వేసుకోకూడదని చట్టం చేశారట. గుడ్డకు భయపడిన సర్కారు! తర్వాతెప్పుడో ఒక రాజే వాటిని కట్టుకుని ఊరేగేసరికి పెద్దమనుషులంతా దర్జీల మీద పడ్డారట. వంశానికో గడి అనాదిగా ఉందని చెప్పుకుంటారు గానీ, అందులో చాలావాటికి ఆ పేర్లు అంటగట్టింది బట్టల వ్యాపారులే.

ఇది వినగానే నాన్న ముఖం వెలిగిపోయింది. "కొట్టువాడు ఎక్కడైనా కొట్టువాడేనే! మన బజార్లో ఇంటిపేరుకో గడి అని మొదలెడితే, తెల్లారేసరికి నా గడి పెద్దదంటే నా గడి పెద్దదని తలకాయలు పగలగొట్టుకుంటారు."

ఇన్ని వందల ఏళ్ళుగా గళ్ళమీద మోజు ఎందుకు తీరలేదని అడిగాను. అందం, సంప్రదాయం అంటాడనుకున్నాను. "పచ్చడి మరక కనపడదు," అన్నాడు. మళ్ళీ తనే, "ఎర్ర పడుగు మీద నల్ల పేక పడితే మధ్యలో మూడో రంగు పుడుద్ది. రెండు రంగుల ఖర్చుకి మూడు. పిసినారెవడో కనిపెట్టుంటాడు," అన్నాడు.

ఇక అసలు సంగతి. మా ఇంట్లో తాత కాలం నుంచి ఒక ఆచారం ఉంది. ప్రతి తానులో చివరి గజంలో అడ్డంగా వేసే ఒక్క పేక పోగును కావాలనే రంగు తప్పించి వేస్తారు. పసిబిడ్డ బుగ్గకు చుక్క పెట్టినట్టు, అది దిష్టి పోగు. లుంగీ కట్టేవాడెవడూ దాన్ని పట్టించుకోడు.

"నాన్నా, ఈసారి దిష్టి పోగు వద్దు. వాళ్ళు భూతద్దం పెట్టి చూస్తారు. తప్పు నేశావంటారు," అన్నాను.

"దిష్టి తగిల్తే?"

"హైదరాబాదు దిష్టి చీరాల దాకా రాదులే."

చాలా తెలివిగా మాట్లాడాననుకున్నాను. నాన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, సరే వెయ్యనన్నాడు.

ఆ గడికి పోగుల లెక్క ఎక్కువ. నేస్తున్నంతసేపూ పెదాలు కదులుతూనే ఉండేవి. అమ్మ "అన్నం తింటావా?" అంటే "పద్దెనిమిది" అనేవాడు. పది గజాలూ పూర్తయ్యాక నేను ఫోన్లో పెద్దది చేసి చూశాను. ఎక్కడా ఒక్క పోగు తేడా లేదు. డెబ్బై దాటిన చేతులు అంత కచ్చితంగా నేసినందుకు గర్వంతో నా కళ్ళు చెమర్చాయి.

గుడ్డ పార్సిల్ చేసిన వారానికి ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "క్లాత్ చాలా బాగుంది మేడమ్. కానీ మరీ మిషన్ మీద నేసినట్టుంది. చేత్తో నేశారంటే కస్టమర్లు నమ్మరు. ఎక్కడో ఒకచోట చిన్న తేడా కనపడాలి కదా, హ్యాండ్‌లూమ్ అందమే అది. పార్సిల్ వెనక్కి పంపించేస్తున్నాను."

దిష్టి పోగు సంగతి చెప్పాను. "అయ్యో, ఎంత మంచి స్టోరీ! ముందే చెప్పుంటే సరిపోయేది. ఇప్పుడు ఆర్డరు వేరేవాళ్ళకి ఇచ్చేశాం మేడమ్," అంది. ఫోన్ పెట్టేశాక ఆ పిల్లను నోటికొచ్చినట్టు తిట్టాను. నన్ను నేను అంతకంటే ఎక్కువ తిట్టుకున్నాను.

పార్సిల్ వచ్చిన రోజే నాన్న పార తీశాడు. మంచం మంచం అని ప్రాణం తీసిన అమ్మే మట్టి తట్ట పట్టుకుని, "పోనీలేవయ్యా, ఉండనియ్యి," అంది. ఆయన వినలేదు. గుంట నిండాక మట్టిని కాలితో తొక్కి చదును చేశాడు. అప్పటిదాకా నన్ను ఒక్క మాట అనలేదు. నాకు భరించడం కష్టమైంది.

"ఒక్క మాటైనా తిట్టు నాన్నా," అన్నాను.

నాన్న పారను గోడకు ఆనించాడు.

"నిన్నెందుకు తిడతానే? చదువుకున్నదానివి, నీకు తెలిసే చెబుతున్నావనుకున్నా," అన్నాడు.