దర్జీగారి దుబాసీతనం

ఆ వీధి చివర కొట్టులో బట్టలు కుట్టే దర్జీకి తన కత్తెర మీద ఎంత నమ్మకమో, నాలుక మీద అంతకు రెట్టింపు. కోడలిది వేరే భాష. మనవరాలిని చూసుకోవడానికి కోడలి తల్లి మూడు నెలలు ఉందామని వచ్చేసరికి దర్జీ భార్య బెంబేలెత్తిపోయింది.

"ఆవిడతో ఎలా మాట్లాడనండీ? నాకు ఒక్క ముక్క రాదే!"

"నేను లేనూ? ఆ భాష నాకు కొట్టిన పిండి."

కొట్టిన మాట నిజమే గాని, పిండి గుప్పెడే. ముప్ఫై ఏళ్ళుగా కొట్టుకొచ్చే వాళ్ళ దగ్గర ఏరుకున్న మాటలు నలభై. బిగుతు, వదులు, పొట్టి, పొడుగు, శుక్రవారం ఇస్తాను.

మర్నాడు కొడుకూ కోడలూ పనికి వెళ్ళగానే వియ్యపురాలు కిటికీ వైపు చెయ్యి చూపించి గబగబా ఏదో అంది.

"వదినగారు ఏమంటున్నారండీ?"

"తెర పొట్టి చెయ్యమంటోంది."

అన్నదే తడవుగా మూరెడు కోసి, అంచు కూడా కుట్టేశాడు. వియ్యపురాలు నోటి మీద చెయ్యి వేసుకుంది. పాపం, సంతోషం పట్టలేకపోతోందనుకున్నాడు.

సాయంత్రం కోడలు సంగతి విని కుర్చీలో కూలబడి నవ్వింది. "మావయ్యగారూ! తెర పొట్టిగా ఉంది, ఎదురింటాయన బనీనుతో కనిపిస్తున్నాడు, పొడుగుది వెయ్యండి అందట అమ్మ!"

ఇప్పుడు ఎదురింటాయన మీసాలతో సహా కనిపిస్తున్నాడు.

అసలు బెంగ మనవరాలి గురించి. రెండున్నరేళ్ళు నిండినా పిల్ల పెదవి విప్పదు. పిల్లతో కలగలిపి మాట్లాడే తన నలభై మాటలే దాని నాలుకకు ముడి వేశాయేమోనని దర్జీకి లోలోపల గుబులు. పిల్లల మాటలు చూసే డాక్టరమ్మ దగ్గరికి ఇంటిల్లిపాదీ వెళ్ళారు.

"వినికిడి బాగుంది, అన్నీ అర్థమవుతున్నాయి. రెండు భాషల వల్ల నష్టమేం లేదు. ఎవరి భాషలో వాళ్ళు నోరారా మాట్లాడండి," అందావిడ.

దర్జీ హుషారుగా వియ్యపురాలి భాషలో రెండు మాటలు వల్లించాడు. డాక్టరమ్మ కళ్ళజోడు సర్దుకుంది.

"తాతగారూ, మీరు మాత్రం మీ భాషలోనే మాట్లాడండి."

దుబాసీ ఉద్యోగం ఊడింది. అదేం చిత్రమో, అప్పట్నుంచీ ఆడవాళ్ళిద్దరూ బఠాణీలు ఒలుస్తూ, ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకుంటూ విరగబడి నవ్వడం మొదలెట్టారు. దర్జీకి ఒళ్ళు మండింది.

"ఏం అర్థమైందని ఆ నవ్వు?"

"మీ గురించేనండీ," అంది భార్య. "అంతవరకూ అర్థమైంది."

రెండు నెలలు తిరక్కుండానే పిల్ల నోరు విప్పింది. విప్పాక మళ్ళీ మూయలేదు. నానమ్మతో ఒక భాష, అమ్మమ్మతో ఇంకో భాష.

ఒకరోజు మధ్యాహ్నం దర్జీ భోజనానికి రాగానే వియ్యపురాలు అతన్ని ఎగాదిగా చూసి ఏదో అంది. "వదులైందట" అనబోయి నాలుక కరుచుకున్నాడు. మనవరాలి ముందు వంగి గొంతు తగ్గించాడు.

"అమ్మమ్మ ఏమంటోందమ్మా?"

"తాతా, చొక్కా తిరగేశావ్!"

చూసుకుంటే కుట్లన్నీ పైకే ఉన్నాయి. పొద్దుట్నుంచీ ఆ చొక్కాతోనే ఆరుగురికి కొలతలు తీశాడు. ఒక్కరూ ఏ భాషలోనూ చెప్పలేదు.